ముప్పావు అంగుళం ఊపిరి

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఆడవాళ్ళతో ఎవరి భాష వాళ్ళకి. మెషిన్ మీద కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళ పైనే అయింది. దసరాకి, పెళ్ళిళ్ళ రోజుల్లో రోజుకి ఆరు జాకెట్లు కుట్టేదాన్ని, లైనింగ్‌తో సహా. ఈ లెక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత మూడేళ్ళు నా జబ్బు పెరిగిందా తగ్గిందా అన్నది జాకెట్లతోనే కొలుచుకున్నాను. రిపోర్టుల్లో కనపడని జబ్బు మెషిన్ మీద మాత్రం కనపడేది. ఆ జబ్బు గురించీ, దానికి నేను చేయించుకున్న ఆస్టియోపతీ అనే, ఎముకల్నీ కండరాల్నీ చేతులతో పట్టి సడలించే వైద్యం గురించీ రాస్తున్నాను.

2021 మేలో ఇంట్లో అందరికీ కరోనా వచ్చింది. నాకు ఆక్సిజన్ 94 దగ్గర ఆగింది, ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం రాలేదు, పన్నెండు రోజులకి జ్వరం పోయింది. మా ఆయన, పిల్లలు నెల తిరక్కుండానే మామూలయ్యారు. నేను కాలేదు. అందరికీ తెలిసిన నీరసం కాదిది. కాస్త ఓపిక వచ్చింది కదా అని ఈరోజు రెండు జాకెట్లు కత్తిరిస్తే రేపు బాగానే ఉండేది, ఎల్లుండి పొద్దున్న మాత్రం కాళ్ళ దగ్గర ఉన్న దుప్పటి పైకి లాక్కోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. గొంతు నొప్పి, ఒళ్ళంతా పచ్చి పుండులా సలుపు, నిలబడితే కళ్ళు తిరగడం, తొమ్మిది గంటలు పడుకుని లేచినా రాత్రంతా కూర్చుని కుట్టినట్టు ఉండేది. ఇంకా భయపెట్టింది ఏంటంటే బుర్ర పనిచేయకపోవడం. కొలతల పుస్తకంలో 14 అని నేనే రాసి, అది భుజమో పొడుగో అని పది నిమిషాలు దాని వైపే చూస్తూ కూర్చున్న రోజులున్నాయి.

ఒక సంగతి చెప్తాను. ఒకామె బరంపురం పట్టుచీర మీదకి జాకెట్ ఇచ్చింది, కూతురి నిశ్చితార్థానికి. జాకెట్ చేతికి ముందు వైపు వంపు కొంచెం లోతుగా, వెనక వైపు తక్కువగా తీస్తాం, కుడి ఎడమ తేడా అక్కడే ఉంటుంది. నేను రెండూ కుడి చేతులే కత్తిరించేశాను. గుడ్డ ఇంక మిగల్లేదు. చీరలోంచి వచ్చిన గుడ్డ కాబట్టి బజార్లో దొరికేది కాదు. ఆమె ఏమీ అనలేదు, డబ్బులు ఇస్తానన్నా తీసుకోలేదు, ఆ అనకపోవడమే నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఆ రోజు కత్తెర మూసి బీరువాలో పెట్టాను.

డాక్టర్ల దగ్గరికి తిరగడం మొదలైంది. రక్తం తక్కువేమో, థైరాయిడ్ ఏమో, బి12, విటమిన్ డి, గుండె పరీక్ష, ఛాతీ స్కాన్, అన్నీ చేయించాం. డి ఒక్కటే తక్కువ ఉంది, సరిచేశారు, దాంతో పెద్ద మార్పు లేదు. అంతా నార్మల్ అన్నారు. టెన్షన్ పెట్టుకోకమ్మా అన్నారు. ఒక చోట అయితే నిద్రకీ దిగులుకీ మాత్రలు రాసి పంపారు, వాటితో మధ్యాహ్నం దాకా మత్తు తప్ప ఇంకేమీ రాలేదు. మా అత్తమ్మ మంచి మనిషే, కానీ ఆవిడ కూడా ఒకరోజు పక్కింటావిడతో "జొరం తగ్గి ఆరు నెల్లయింది, ఇంకా పడకేటమ్మా ఈ పిల్లది?" అనడం లోపలి గదిలోంచి విన్నాను. అరసవల్లి వెళ్ళి మొక్కుకున్నాం. దిష్టి తీయించారు. ఇవేవీ నేను తక్కువ చేసి చెప్పడం లేదు, నా కోసం ఇంతమంది తాపత్రయపడ్డారు.

రెండు పొరపాట్లు మాత్రం నా ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీశాయి, అవి తప్పకుండా రాయాలి.

మొదటిది నడక. కూర్చుంటే కండరాలు చచ్చిపోతాయి, ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ రోజూ నడవండి, ఎంత అలసట వచ్చినా ఆపొద్దు అని ఒక చోట సలహా ఇచ్చారు. నేను మాట వినే రకం. ఏటి ఒడ్డు దాకా నడిచాను, మూడు వారాల పాటు, కళ్ళనీళ్ళు పెట్టుకుని కూడా నడిచాను. ముప్ఫై ఐదు నిమిషాలకి వచ్చాక ఒక రోజు కూలిపోయాను, ఇరవై నాలుగు రోజులు బాత్రూముకి కూడా మా పాప పట్టుకుని తీసుకెళ్ళింది. చాలా తర్వాత తెలిసింది, ఈ జబ్బుకి అలా మెట్లు మెట్లుగా వ్యాయామం పెంచే పద్ధతిని వాడొద్దని ఇంగ్లండులో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ అనే సంస్థ 2021 అక్టోబర్లోనే చెప్పేసిందని. నేను నడిచింది 2022లో.

రెండోది మెడ. ఎముకలు సర్దుతాడు, ఒక్క దెబ్బతో లేచి కూర్చుంటారు అని ఎవరో చెబితే 2023 జనవరిలో వేరే ఊరు వెళ్ళాం. ఆయన నన్ను ఏమీ అడగలేదు. కూర్చోబెట్టి గడ్డం పట్టుకుని మెడ ఒక్కసారి తిప్పాడు, పటుక్కుమని చప్పుడు వచ్చింది, చూశారా గాలి పోయింది అన్నాడు. బస్సులో వస్తుంటే లోకం తిరగడం మొదలైంది, మూడు రోజులు తల ఎత్తలేదు. మెడని అలా విసురుగా తిప్పినప్పుడు మెదడుకి వెళ్ళే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం రావడం అరుదుగా అయినా జరుగుతుందని తర్వాత డాక్టరు చెప్పారు. నాకు అలా జరగలేదు. మీరెవరూ మాత్రం చప్పుడు కోసం మెడ ఇవ్వకండి.

పేరు దొరికింది 2023 ఆగస్టులో, వైజాగ్‌లో ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గర. ఆవిడ నలభై నిమిషాలు విన్నారు. చేసిన పనికి మర్నాడో మూడోనాడో ఇలా కుప్పకూలడం ఉందా అని ఆవిడే అడిగారు. నేను చెప్పకముందే నా జబ్బు గురించి ఒక డాక్టర్ నన్ను అడగడం అదే మొదటిసారి, అక్కడే ఏడ్చేశాను. ఆరు నెలలకు మించి మునుపటిలా పని చేయలేనంత అలసట, శ్రమ తర్వాత జబ్బు తిరగబెట్టడం, నిద్రపోయినా తేరుకోకపోవడం, వీటితో పాటు బుర్ర మందగించడం గానీ నిలబడితే తూలడం గానీ ఉండాలి, ఇవి 2015లో అమెరికాలో పెట్టుకున్న గుర్తులు, నీకు అన్నీ ఉన్నాయి అన్నారు. మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అట, పొట్టిగా ఎం.ఇ. అంటారు, క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని ఇంకో పేరు. వైరస్ జ్వరాల తర్వాత వస్తుందట, కరోనా తర్వాత చాలామందికి వచ్చిందట. దీన్ని తగ్గించే మందు ఇంతవరకు లేదు, ఉన్న ఓపికని లెక్కపెట్టి ఖర్చుపెట్టడం నేర్చుకో, మిగతావి ఒక్కొక్కటీ చూద్దాం అన్నారు. మందు లేదన్న మాట విని సంతోషించే మనిషి ఉంటుందా అనుకుంటారేమో. నేను నిజంగానే తేలిక పడ్డాను. నేను అబద్ధం ఆడడం లేదని ఒక కాగితం మీద ఉంది ఇప్పుడు. మా ఆయన ఆ కాగితం ఇంట్లో అందరికీ చదివి వినిపించారు, ఆ సాయంత్రం నుంచి వంట ఆయనే.

ఆస్టియోపతీ మాట చెప్పింది బరంపురంలో ఉండే మా పిన్ని. వాళ్ళ వీధిలో ఒకావిడకి నడుము నొప్పి తగ్గింది, చేతులతో చేస్తాడు, ఒక కుర్రాడు, కటక్ దగ్గర శ్రీశ్రీ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు, అక్కడ దీనికి డిగ్రీ ఉంది అని చెప్పింది. నాకు జనవరి గుర్తొచ్చింది, వద్దన్నాను. వైజాగ్ డాక్టరుని ఫోన్లో అడిగితే, మెడ విసరనివ్వకు, నా మాత్రలు ఆపకు, ఎక్కువ చేస్తే మానేయ్, ఈ మూడు ఒప్పుకుంటే చూడు అన్నారు. నవంబర్లో వెళ్ళాం. ప్రయాణమే నన్ను పడేస్తుంది కాబట్టి వెళ్ళి రావడం కాకుండా పిన్ని ఇంట్లోనే ఆరు వారాలు ఉండిపోయాను. పిన్ని అప్పడాల పని చేస్తుంది, మేడ మీద ఎండలో అప్పడాలు, కింద చీకటి గదిలో నేను. ఆ గది ఇచ్చినందుకు పిన్నికి ఎంత చెప్పుకున్నా తక్కువే.

మొదటి రోజు దాదాపు గంటన్నర, అందులో గంట మాటలే. నన్ను అపా అని పిలిచాడు, ఒడియాలో అక్క అని. కాన్పులు ఎలా అయ్యాయి, చిన్నప్పుడు ఎక్కడైనా పడ్డావా, ఆపరేషన్లు, పళ్ళు, ఏ చేత్తో కత్తెర పడతావు, ఏ కాలు పెడల్ మీద ముందుంటుంది, అన్నీ అడిగాడు. పెడల్ గురించి ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. తర్వాత పడుకోబెట్టి నాడి చూశాడు, 76. నిలబెట్టి, కదలకుండా ఉంచి, రెండు నిమిషాలకోసారి చూశాడు, పది నిమిషాలకి 112. బీపీ పడలేదు. నిలబడితే నాడి ముప్ఫైకి పైగా పెరగడం మామూలు కాదు అపా, ఇది నా పని కాదు, మీ డాక్టరుకి చూపించండి అని కాగితం మీద అంకెలన్నీ రాసిచ్చాడు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే. తన పని ఏది కాదో చెప్పే మనిషి దగ్గర ఒళ్ళు అప్పగించొచ్చు. వైజాగ్ డాక్టరు ఆ కాగితం చూసి నీళ్ళు, ఉప్పు ఎక్కువ తీసుకోమని, కాళ్ళకి బిగుతు మేజోళ్ళు వేసుకోమని, గుండె వేగానికి ఒక చిన్న మాత్ర వేసుకోమని చెప్పారు. (బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు సంగతి చూసి సొంతంగా మొదలుపెట్టకండి, అది నా ఒంటికి చెప్పినది.)

ఆ మొదటి రోజే, ఊపిరి తీసుకోమని పక్కటెముకల మీద చేతులు పెట్టాడు. కింద ఎముకలు కదలడం లేదు అన్నాడు. నాకు అర్థం కాలేదు. నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది, తీసి ఇచ్చాను, నువ్వు కొలిచి చెప్పు అన్నాను. రొమ్ము కింద, పక్కటెముకల చుట్టూ టేపు చుట్టి, గాలంతా వదలమన్నాడు, 31. నిండా పీల్చమన్నాడు, 31 ముప్పావు. ముప్పావు అంగుళం! నేను జాకెట్‌లో కుట్లు విప్పుకోవడానికి లోపల మడిచి వదిలే గుడ్డ అంతకన్నా ఎక్కువ ఉంటుంది. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న మనిషికి రెండు అంగుళాల దాకా రావాలట. రెండున్నరేళ్ళు భుజాలతో ఊపిరి పీలుస్తున్నాను, నొప్పికి భయపడి, మంచంలో ముడుచుకుని, దానికి ముందు ఇరవై ఏళ్ళు మెషిన్ మీదకి వంగి. మెడ ఎందుకు అంత రాయిలా ఉందో అప్పుడు తెలిసింది.

ఏం చేస్తాడో చెప్పాలంటే, చూసేవాళ్ళకి ఏమీ చేస్తున్నట్టు ఉండదు. నేను వెల్లకిలా పడుకుంటే పక్కన స్టూల్ మీద కూర్చుని నా వీపు కిందికి రెండు చేతులూ తోస్తాడు, అరచేతులు పైకి. వేళ్ళ చివర్లు వెన్నెముక పక్కన, పక్కటెముక మొదలయ్యే చోట ఆనుతాయి. మెల్లగా పైకి, తన వైపుకి లాగి పట్టుకుంటాడు. నొప్పి ఉండదు. ఒక్కో చోట కాస్త ఆగి ఇంకో ఎముక దగ్గరికి జరుగుతాడు. అక్కడే ఎముకల మొదళ్ళ ముందు గొలుసులా నరాలు దిగుతాయట, గుండె దడ, ఉలికిపాటు అన్నీ నడిపే నరాలు, వాటి చుట్టూ బిగుతు తగ్గితే ఒళ్ళు నెమ్మదిస్తుందని వాళ్ళ చదువు. తర్వాత తల వైపు కూర్చుని పుర్రె, మెడ కలిసే చోట వేళ్ళు నిలబెట్టి వాటి మీద నా తల పెట్టిస్తాడు. నొక్కడు. తల బరువే నొక్కుతుంది. మూడో నిమిషానికో నాలుగో నిమిషానికో ఆ కండరం వెన్నలా జారుతుంది, అప్పుడు నాకు తెలియకుండానే పెద్ద ఊపిరి వచ్చేది. చివర్లో పాదాలు రెండూ పట్టుకుని ముందుకీ వెనక్కీ లయగా ఊపుతాడు, ఒళ్ళంతా చిన్నగా ఊగుతుంది, లింఫ్ నీరు, అంటే ఒంట్లో వ్యర్థాలు మోసుకెళ్ళే ద్రవం, కదలడానికి అంటాడు. కళ్ళు మూసుకుంటే అది అచ్చం నా మెషిన్ పెడల్. ఎంతకాలమైందో ఆ ఊపు నా ఒంటికి తెలిసి. నేను తొక్కడం లేదు, ఒళ్ళే కదులుతోంది, దానికి ఓపిక ఖర్చు కావడం లేదు. ఆ బల్ల మీద మొదటిసారి నిద్రపోయాను.

ఆ రాత్రి కూడా బాగా పట్టింది. మర్నాడు కూడా పర్వాలేదు. మూడోనాడు పడిపోయాను. ఒళ్ళు నొప్పులు, చలి, వెలుతురు చూడలేకపోవడం, నాలుగు రోజులు. పిన్ని కంగారుపడి ఆ కుర్రాడికి ఫోన్ చేసి గట్టిగానే అడిగింది. అతను సాయంత్రం ఇంటికే వచ్చాడు. తప్పు నాది అపా, మొదటి రోజే ఎక్కువ చేశాను, నడుము నొప్పి వాళ్ళకి చేసినంత మీకు చేయకూడదు అన్నాడు. రెండోసారి పదిహేను నిమిషాలే చేశాడు, పక్కటెముకలు, మెడ, అంతే. లేవబోతుంటే "ఆస్తే ఆస్తే" అంటూ భుజం మీద చెయ్యి పెట్టాడు, నెమ్మదిగా అని. ఆ మాట ఆరు వారాల్లో ఎన్నిసార్లు విన్నానో. ఇంట్లో ఇప్పుడు మా ఆయన కూడా అదే అంటారు, ఒడియాలోనే.

నాకు ఏదీ గుడ్డిగా నమ్మడం ఇష్టం లేదు కాబట్టి అతన్ని చాలా అడిగాను, అతనూ దాచకుండా చెప్పాడు. ఈ వైద్యాన్ని మొదలుపెట్టింది ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా డాక్టరు. 1864లో ఆయన పిల్లలు మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) వరసగా చనిపోయారు, ఆయన దగ్గరున్న మందులేవీ పనిచేయలేదు. ఆ బాధలోంచి పదేళ్ళకి, 1874లో, ఒంటి నిర్మాణం సరిగ్గా ఉంటే ఒళ్ళే తనని తాను బాగుచేసుకుంటుంది అనే ఆలోచన బయటపెట్టాడు, 1892లో కిర్క్స్‌విల్ అనే ఊళ్ళో బడి పెట్టాడు. అమెరికాలో ఈ చదువు చదివినవాళ్ళు పూర్తి డాక్టర్లు, మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. మిగతా దేశాల్లో చాలాచోట్ల అలా కాదు, చేతులతో చేసేవాళ్ళు మాత్రమే. బ్రిటన్‌లో 1993లో చట్టం చేసి వీళ్ళ పేర్లు నమోదు చేస్తున్నారు. మన దగ్గర మాత్రం బోర్డు చూసి నమ్మేయకూడదు, ఎక్కడ చదివారు, ఎన్నేళ్ళు చదివారు అని అడగాలి. నేను అడిగాను, అతను సర్టిఫికెట్ గోడ మీదే చూపించాడు.

నా జబ్బుకి ఇది పనిచేస్తుందని రుజువుందా అని కూడా అడిగాను. నడుము నొప్పికి పరిశోధనలు ఉన్నాయి, అక్కడ కూడా వ్యాయామంతో కలిపి చేస్తేనే అంటారు, మీ జబ్బుకి అంత గట్టి రుజువు లేదు అపా అన్నాడు. మాంచెస్టర్‌లో రేమండ్ పెరిన్ అనే ఆస్టియోపత్ 1989 నుంచి ఈ జబ్బు మీద పనిచేస్తున్నాడు, మెదడు, వెన్నుపాము దగ్గర చెడు ద్రవం లింఫ్ దారుల్లో సరిగ్గా పారక నిలిచిపోవడమే మూలమని ఆయన వాదన, దాన్ని డాక్టర్లందరూ ఒప్పుకోలేదు. తల ఎముకల్లో లయ ఉంటుంది, వేళ్ళతో తెలుస్తుంది అనే పద్ధతి ఇంకొకటి ఉంది, ఇద్దరు వైద్యులు ఒకే మనిషి తల పట్టుకుని లెక్కపెడితే ఆ లెక్కలు కలవవు, అందుకే చాలామంది ఒప్పుకోరు. అతను అది నాకు చేయలేదు. నేను అడగలేదు.

అతను చేసిన ఇంకో మేలు, ఓపికని లెక్కపెట్టడం నిజంగా నేర్పడం. వైజాగ్ డాక్టరు చెప్పినప్పుడు తల ఊపాను గానీ ఎలాగో తెలియలేదు. కొలతల పుస్తకం తెచ్చుకున్నావుగా, అందులోనే రాయి అన్నాడు. ఒక పేజీలో కస్టమర్ పేరు ఉండే చోట నా పేరు రాశాను. పొద్దున్న లేచాక నాడి, పదికి ఎంత ఓపిక, ఏం చేశాను, ఎంతసేపు, మర్నాడు ఎలా ఉంది, దాని మర్నాడు ఎలా ఉంది. మూడు వారాలకి ఆ పేజీలే నాకు చెప్పాయి. కూర్చుని అప్పడాలు వత్తితే ఇరవై నిమిషాలు తట్టుకుంటాను. నిలబడి వత్తితే ఎనిమిది. ఫోన్లో ఎవరితోనైనా గొడవపడితే అది గంట పనితో సమానం. తలస్నానం చేసిన రోజు ఇంకే పనీ పెట్టుకోకూడదు. ఇరవై నిమిషాలకి అలసట వస్తుందంటే పదిహేనుకే ఆపి పడుకోవాలి, బాగున్నప్పుడే ఆపాలి. ఇది చాలా కష్టం. మన ఆడవాళ్ళకి ఇంకా కష్టం, బాగుండి పడుకుంటే ఇంట్లోవాళ్ళు ఏమంటారో అని ముందు మనకే అనిపిస్తుంది.

నాలుగో వారంలో పిన్ని, టీ గ్లాసు ఇస్తూ "ఒలే, మాట్లాడుతూ ఆయాసపడ్డం మానేశావే" అంది. నేను గమనించలేదు. టేపు పెట్టి చూశాం, ఒకటింపావు. ఆరు వారాలకి ఇంటికి వచ్చేశాను, తర్వాత మూడు వారాలకోసారి, ఆ తర్వాత నెలకోసారి వెళ్ళాను, బండిలో పడుకుని వెళ్ళేలా చూసుకుని, వెళ్ళిన రాత్రి పిన్ని దగ్గరే ఉండి. ఏడు నెలల్లో మొత్తం పదమూడు సిట్టింగులు, ఒక్కోటి 700 రూపాయలు. దారి ఖర్చులతో కలిపి మాకు అది తక్కువ డబ్బు కాదు, మా ఆయన కోర్టు దగ్గర టైపు పని చేస్తారు, నా సంపాదన లేదు అప్పటికి. గొలుసు తాకట్టు పెట్టాం. ఎవరైనా ముప్ఫై, నలభై సిట్టింగులకి ముందే డబ్బు కట్టమంటే కట్టకండి. నాలుగైదు సార్లకి ఏ చిన్న మార్పూ లేకపోతే మానేసే హక్కు మీకుండాలి. నన్ను అతను ఎప్పుడూ ముందు కట్టమనలేదు, రెండు సార్లు నాకు బాగాలేదని వెళ్ళలేకపోయినా ఏమీ అనలేదు.

ఏది పనిచేసింది అని చాలామంది అడుగుతున్నారు. విడదీసి చెప్పలేను. మాత్రతో నాడి కుదుటపడింది, మేజోళ్ళతో నిలబడగలిగాను, పుస్తకంతో పడిపోవడం తగ్గింది, ఇంట్లో వంట తప్పింది. చేతుల వల్ల ఏం వచ్చిందో మాత్రం ఇంతవరకు చెప్పగలను: ఊపిరి వచ్చింది, మెడ వదిలింది, తలనొప్పి వారానికి ఐదు రోజుల నుంచి ఒకటికి దిగింది, నిద్రలోకి జారడం తెలిసింది. ఆ నిద్ర లేకపోతే మిగతావి చేసే ఓపిక నాకు వచ్చేది కాదని నా నమ్మకం. ఇంకోటి కూడా ఉంది. రెండున్నరేళ్ళు నా ఒంటిని ముట్టుకున్న ప్రతి చెయ్యీ సూది గుచ్చడానికో బీపీ పట్టీ కట్టడానికో ముట్టుకుంది, లేదా మెడ విరిచింది. అరగంట సేపు ఏమీ అడగకుండా, ఎక్కడ బిగిసి ఉందో వెతుక్కుంటూ మెల్లగా తిరిగిన చేతులు అవి మొదటివి. దానికి ఏ పరిశోధనలో ఏ లెక్క వేస్తారో, నా వీపుకి మాత్రం తెలిసింది.

మధ్యలో వెనక్కి పడిన రోజులూ ఉన్నాయి. 2024 మార్చిలో బాగుందని ధైర్యం వచ్చి ఒక పెళ్ళి ఆర్డర్ ఒప్పుకున్నాను, ఐదు జాకెట్లు, మగ్గం వర్కు ఉన్నవి, అవి బరువు, సూది చూసుకుంటూ కుట్టాలి. మూడోదాని దగ్గర ఆగిపోయి పదకొండు రోజులు మంచం. మిగతా రెండూ మా పాప ఇంకో టైలరమ్మకి తీసుకెళ్ళి ఇచ్చింది. ప్లస్ టూ పరీక్షల్లో ఉన్న పిల్ల. దానికి నా వల్ల చదువు పోతుందేమోనని ఆ పదకొండు రోజులు పడ్డ బాధ జబ్బు బాధ కంటే ఎక్కువ.

ఇప్పుడు రోజుకి రెండు జాకెట్లు. ఫోన్లో ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకుంటాను, మోగితే కుట్టు మధ్యలో ఉన్నా సూది దించి లేచి పడుకుంటాను. కత్తిరింపు పొద్దున్న బుర్ర బాగున్నప్పుడే, కుట్టడం సాయంత్రం, రెండూ ఒకే పూట పెట్టుకోను. జాకెట్ చేతులు కత్తిరించే ముందు గుడ్డ మీద కుడి, ఎడమ అని సుద్దతో పెద్దగా రాస్తాను. హెమ్మింగ్, హుక్కులు పక్కింటి అమ్మాయికి ఇస్తున్నాను, దానికీ నాలుగు డబ్బులు. బరంపురం ఇప్పుడు రెండు నెలలకోసారి వెళ్తున్నాను.

మొన్న రథయాత్రకి గుడి దాకా వెళ్ళాను. మూడేళ్ళ తర్వాత. ఆటోలో వెళ్ళి, మడత కుర్చీ తీసుకెళ్ళి, నీడన కూర్చునే చూద్దామనుకున్నాను, కానీ రథం కదిలేసరికి ఆగలేక లేచి నిలబడిపోయాను, జనంలో పది అడుగులు నడిచాను కూడా. మూడోనాడు పడిపోయాను, అనుకున్నట్టే. నాలుగు రోజులు తలుపులు వేసుకుని పడుకున్నాను, ఎవరినీ తిట్టుకోలేదు, నన్ను కూడా. ఐదో రోజు పొద్దున్న మంచం మీదే కూర్చుని టేపు చుట్టుకున్నాను. గాలి వదిలి చూశాను, పీల్చి చూశాను. ఒకటిన్నర. నెల క్రితం ఒకటీ ముప్పావు ఉండేది. పుస్తకంలో రాసి, ఆ రోజు ఒక్క జాకెట్ మెడకి పైపింగ్ వేసి, అలారం మోగకముందే ఆపేశాను.